ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు, డీలర్‌కు తప్ప

కరోనా కాలంలో ఈ దేశంలో కొరత లేకుండా అందిన సరుకు ఒక్కటే: జాగ్రత్త. ఆస్పత్రిలో మంచం దొరకలేదు, ఆక్సిజన్ దొరకలేదు, రెమ్‌డెసివిర్ నల్లబజారుకు పోయింది. జాగ్రత్త మాత్రం ఎవరికి ఫోన్ చేసినా ముందు దగ్గి మరీ పలకరించింది. చేతులు కడుక్కో, దూరం పాటించు, తెలియని లింకు నొక్కకు, ఓటీపీ ఎవరికీ చెప్పకు. రేషన్ కార్డు అడక్కుండా, ఆధార్ లింకు లేకుండా, గడువు తేదీ పెట్టకుండా సర్కార్లు పంచిన సాయం ఇదొక్కటే.

జహీరాబాద్‌లో ఈ సాయం అన్ని భాషల్లోనూ చేరింది. కర్ణాటక సరిహద్దు ఊరు కదా, బీదర్ పక్కనే. ఒకే చాయ్ హోటల్లో తెలుగు, దక్కనీ, కన్నడం, కాస్త మరాఠీ వినబడతాయి. ఎక్కడో జార్ఖండ్‌లోని జాంతాడాలో కూర్చుని హిందీలో ఫోన్ చేసే మోసగాడికి ఇక్కడ దుబాసీ అక్కర్లేదు. దుబాసీ కావలసింది ప్రభుత్వ ఉత్తర్వుకే. అది ఇంగ్లిష్‌లో పుట్టి, ఆఫీసు తెలుగులోకి మారి, చివరికి మీసేవ కుర్రాడి నోట మనుషుల భాషలోకి వస్తుంది. ఈలోగా గడువు దాటిపోతుంది.

ఇక అసలు వేడుక. 2021 ఫిబ్రవరి. వేలిముద్ర యంత్రాన్ని ఊరంతా ముట్టుకుంటే రోగం అంటుతుందని తెలంగాణ పౌరసరఫరాల శాఖ వేలిముద్ర ఆపింది. హైకోర్టు చెబితేనే ఆపింది, అది వేరే సంగతి. వేలిముద్ర బదులు ఏం పెట్టారు? కనుపాప, లేదా ఓటీపీ. ఆధార్‌కు కలిపిన ఫోన్‌కు అంకెలు వస్తాయి, వాటిని రేషన్ డీలర్‌కు చెప్పాలి, అప్పుడే బియ్యం. ఆ నెలలో రాష్ట్రంలోని ఏ కంట్రోల్ దుకాణం ముందు నిలబడినా ఈ ధోరణి మాటలే వినబడి ఉంటాయి:

"అవ్వా, నీ ఫోన్‌కు నంబర్ వచ్చింది. జర చెప్పు."

"ఎవ్వలకు చెప్పొద్దన్నరు గద బిడ్డా!"

"నాకు చెప్పకుంటే బియ్యం రావు."

"మరి బ్యాంకాయనకు?"

"ఆయనకు చెప్తే పైసలు పోతయి."

ఈ నాలుగు ముక్కల్లో భారతదేశ సైబర్ భద్రతా విధానం మొత్తం ఉంది. చెబితే పైసలు పోతాయి, చెప్పకపోతే బియ్యం పోతాయి. ఏది పోగొట్టుకోవాలో తేల్చుకోవడమే పౌరుడి అవగాహన.

పైగా ఆధార్‌కు కలిసిన ఆ ఫోన్ ఎవరి దగ్గరుంటుంది? మనవడి దగ్గర. మనవడు పటాన్‌చెరు పోయాడు, లేదా ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో షిఫ్టులో ఉన్నాడు. కొందరి నంబరు రీచార్జి చేయక ఎప్పుడో చచ్చిపోయింది. ఇంకొందరికి నంబరే లేదు. దాంతో రాష్ట్రమంతటా జనం ఆధార్ కేంద్రాల ముందు, మీసేవల ముందు బారులు తీరారు, ఒకరి వీపుకు ఒకరు ఆనుకుని. ఒకరు ముట్టుకున్న యంత్రాన్ని ఇంకొకరు ముట్టుకోకూడదని మొదలైన సంస్కరణ అది. ఆ ఆధార్ కేంద్రంలో ఫోన్ నంబరు కలపాలంటే ఏం కావాలి? వేలిముద్ర.

టీకా సంగతి కూడా అంతే. కోవిన్‌లో పేరు నమోదుకు ఓటీపీ. 2021 మే నుంచి దానికి తోడు ఇంకో నాలుగంకెల రహస్య సంకేతం. ఆ రహస్యాన్ని టీకా వేసేవాళ్లకు చెప్పాలి. చెప్పకపోతే సూది లేదు. పొద్దున సర్కారు రహస్య సంకేతం చెప్పమంటుంది. మధ్యాహ్నం "ఆరోగ్య శాఖ నుంచి మాట్లాడుతున్నా, టీకా నమోదు కోసం మీకొచ్చిన నంబరు చెప్పండి" అని ఇంకొకడు అడుగుతాడు. అవ్వ చెబుతుంది. సాయంత్రం టీవీలో నిపుణులొచ్చి గ్రామీణులకు డిజిటల్ అక్షరాస్యత లేదని బాధపడతారు. లేకపోవడమేంటి? మీరు నేర్పిన పాఠాన్ని ఆమె పొల్లుపోకుండా ఒప్పజెప్పింది. పరీక్ష పెట్టినవాడు మారాడు, అంతే.

మోసగాడి ప్రతిభను మనం అనవసరంగా పొగుడుతున్నాం. వాడు సొంతంగా కనిపెట్టింది చాలా తక్కువ. "మీ ఖాతాకు ఆధార్ అనుసంధానం కాలేదు. ఫలానా తేదీలోగా కేవైసీ పూర్తి చేయకపోతే మీ సాయం నిలిచిపోతుంది." ఈ వాక్యం ప్రభుత్వానిదా, దొంగదా? తెలిస్తే చెప్పండి, మీకు సన్మానం చేయిస్తా. బెదిరింపు అదే, గడువు అదే, నమ్రత లేని భాష కూడా అదే. తేడా ఒక్కచోటే ఉంది. దొంగ "మేడమ్" అంటాడు, తిరిగి ఫోన్ చేస్తే ఎత్తుతాడు, ఆదివారం కూడా పనిచేస్తాడు.

అసలు సాయం ఎలా వచ్చిందో కూడా గుర్తు చేసుకుందాం, దొంగ సాయం ఎందుకంత నమ్మకంగా కనిపించిందో అర్థమవుతుంది. 2020 మార్చి 22న ముఖ్యమంత్రి కేసీఆర్ లాక్‌డౌన్ ప్రకటిస్తూ తెల్ల రేషన్ కార్డులున్న 87 లక్షల 59 వేల కుటుంబాలకు మనిషికి 12 కిలోల బియ్యం, ఇంటికి 1500 రూపాయలు ఇస్తామన్నారు. మంచి మాట. బియ్యం చాలామందికి అందాయి కూడా, ఆ మాట ఒప్పుకోవాలి. డబ్బు ఖాతాల్లో పడేసరికి ఏప్రిల్ సగం గడిచింది. ఈలోగా రాష్ట్రంలో ఏ ఇద్దరు కలిసినా "బాగున్నవా" అనడం మానేసి "పైసలు పడ్డయా?" అనే అడిగారు. పడ్డాయో లేదో చెప్పే మెసేజి రాదు. వస్తే ఏ ఖాతాలో పడ్డాయో తెలియదు. ఆధార్ చివరిసారి ఏ ఖాతాకు కలిసిందో దానికి పోతాయి, అది ఎప్పుడో ఉపాధి హామీ కోసం తెరిచి మరచిపోయిన ఖాతా కావచ్చు. బ్యాంకు ఖాతా లేదని తేలిన 5 లక్షలకు పైగా కుటుంబాలకు తపాలా కార్యాలయాల్లో ఇచ్చారు. మూడు నెలలు వరసగా బియ్యం తీసుకోనివాళ్లను మాత్రం పక్కన పెట్టారు. బతుకుదెరువుకు ఊరు విడిచి వలసపోయినవాళ్లు ఊళ్లో బియ్యం తీసుకోరు. అంటే వాళ్లకు అవసరం లేదని అర్థమట! ఇది లెక్కల శాఖ తర్కం. ఈ తగువు కూడా హైకోర్టుకే ఎక్కింది.

కేంద్రం తన వంతుగా మార్చి 26న 1.70 లక్షల కోట్ల గరీబ్ కల్యాణ్ ప్రకటించింది. అందులో జన్‌ధన్ ఖాతాలున్న సుమారు 20 కోట్ల మంది మహిళలకు నెలకు 500 చొప్పున మూడు నెలలు. జనం గుమిగూడొద్దని ఖాతా నంబరు చివరి అంకెను బట్టి రోజులు కేటాయించారు. సున్నా, ఒకటి అంకెలవాళ్లు ఏప్రిల్ 3న, రెండు, మూడు వాళ్లు మరునాడు. బహు చక్కని ఏర్పాటు, ఖాతా నంబరు చదవగలిగినవాళ్లకు. చదవలేనివాళ్లకు పుకారు అందింది: ఇప్పుడు తీయకపోతే సర్కారు వెనక్కి లాక్కుంటుందని. ఆర్థిక శాఖ అది అబద్ధమని వివరణ ఇచ్చుకోవాల్సి వచ్చింది. పుకారును జనం ఎందుకు నమ్మారని ఎవరూ అడగలేదు. ప్రతి పథకానికీ ఒక చివరి తేదీ ఉండే రాష్ట్రంలో, "వెనక్కి పోతాయి" అన్నది వదంతిలా కాదు, అనుభవంలా వినబడుతుంది. కామారెడ్డి జిల్లా రామారెడ్డిలో ఆ 1500 కోసం బ్యాంకు ముందు వరుసలో నిలబడిన ఒక మహిళ అక్కడే ప్రాణం విడిచింది. దీని మీద నాకు ఏ చమత్కారమూ తోచడం లేదు.

మే 6న మద్యం దుకాణాలు తెరిచారు. ధర 16 శాతం పెంచారు. పేదవాడు తాగే చౌక మద్యానికి దయతలచి 11 శాతమే. ఇచ్చిన 1500 తిరిగి ఖజానాకు చేరడానికి మాత్రం ఆధార్ లింకు, కేవైసీ, చివరి అంకె అవసరపడలేదు. ఈ దేశంలో ఎవరూ ఫిర్యాదు చేయని ఏకైక నగదు బదిలీ అదే.

ఆరు రోజులకు, మే 12న, ప్రధాని 20 లక్షల కోట్ల ప్యాకేజీ అన్నారు. ఆర్థికమంత్రి నిర్మలా సీతారామన్ మే 13 నుంచి 17 దాకా ఐదు రోజులు రోజుకో భాగం విప్పి చూపారు. విప్పగా విప్పగా తేలిందేమిటంటే, అంతకుముందు రిజర్వు బ్యాంకు ప్రకటించిన 8 లక్షల కోట్లు కూడా అందులోనే కలిపారు. మిగిలినదాంట్లో పెద్ద ముక్క అప్పులకు హామీ. దివాలా తీసినవాడికి ఇంకో అప్పు తీసుకోవడానికి ధైర్యం చెప్పడాన్ని ఉద్దీపన అంటారని అప్పుడే తెలిసింది. సున్నాలు ఎన్నో పల్లెల్లో లెక్కపెట్టలేకపోయారు. దొంగలు లెక్కపెట్టారు. 20 లక్షల కోట్లు గాల్లో ఉన్నాయని దేశమంతా నమ్మినప్పుడు, అందులోంచి తలకు వెయ్యి రాలుతుందంటే ఎవరు అనుమానిస్తారు?

ఆ రోజుల్లో వాట్సాప్‌లో పథకాలు మొలిచాయి. "కరోనా సహాయత యోజన" కింద అందరికీ వెయ్యి రూపాయలు, ఈ లింకు నొక్కండి. 1990 నుంచి 2020 మధ్య పనిచేసిన కార్మికులకు 1,20,000 రూపాయలు, మీ పేరుందో చూసుకోండి. కేంద్రం పెట్టిన ఫ్యాక్ట్ చెక్ విభాగం పాపం రోజంతా కూర్చుని "ఇది నకిలీ" అని ముద్రలు గుద్దింది. ఈ ముద్రలు ఎక్స్‌లో, అప్పట్లో ట్విట్టర్‌లో, కనబడేవి. జహీరాబాద్ పక్కనున్న ఝరాసంగంలోనో న్యాల్కల్‌లోనో లింకు అందుకున్న మనిషికి ట్విట్టర్ ఖాతా లేకపోవడం ఆ మనిషి తప్పే కాబోలు. నా అనుమానం ఇంకొకటి. ఆ నకిలీ పథకాల పేర్లు నిజమైన పథకాల పేర్లకన్నా నమ్మదగ్గట్టుగా ఉన్నాయి. వాటిల్లో ప్రధాని పేరు లేదు, ముఖ్యమంత్రి బిరుదు లేదు, సాయం పేరు మాత్రమే ఉంది.

దాతలను కూడా వదల్లేదు. మార్చి 28న పీఎం కేర్స్ నిధి పెట్టారో లేదో, చివరి అక్షరం ఒక్కటి తీసేసిన దొంగ యూపీఐ చిరునామా తయారైంది. అసలుదానిలో "కేర్స్", నకిలీదానిలో "కేర్". నకిలీదాన్ని పోలీసులు పట్టుకుని ఆపించారు. అసలుదానికి పడ్డ డబ్బు గురించి అడిగితే అది సమాచార హక్కు చట్టం కిందికి రాదని జవాబొచ్చింది. అక్షరం తేడాతో ఎంత తేడా చూడండి.

రిజర్వు బ్యాంకు మార్చి 27న ఈఎంఐలకు మూడు నెలల వాయిదా ఇచ్చింది, తర్వాత ఆగస్టు చివరి దాకా పొడిగించింది. వెనకే దొంగ ఫోన్: "మీ కిస్తీ వాయిదా వేస్తాం, ఓటీపీ చెప్పండి." చెప్పినవాళ్ల ఖాతా ఖాళీ అయింది. దొంగకు చెప్పకుండా బ్యాంకుకే చెప్పి నిజమైన వాయిదా తీసుకున్న తెలివైనవాళ్లకు ఏమైంది? కిస్తీ ఆగింది, వడ్డీ ఆగలేదు. వడ్డీ మీద వడ్డీ కూడా పడింది. అది కక్కించడానికి సుప్రీంకోర్టు కావాల్సి వచ్చింది. మొదటివాడు ఒకేసారి దోచుకున్నాడు కాబట్టి నేరం, రెండోది వాయిదాల మీద జరిగింది కాబట్టి ఉపశమనం.

నిజంగా అడిగిన వెంటనే, అయిదు నిమిషాల్లో, ఏ గెజిటెడ్ సంతకమూ లేకుండా డబ్బిచ్చినవాళ్లు కూడా ఆ ఏడాది ఉన్నారు. లోన్ యాప్‌లు. పని పోయినవాడికి, జీతం సగమైనవాడికి అవి నాలుగైదు వేలు చేతిలో పెట్టాయి, అందులోనూ ముందే ఫీజు కోసుకుని. ఏడు రోజుల్లో మొత్తం కట్టాలి. కట్టకపోతే ఫోన్‌లో ఉన్న చుట్టాలందరికీ మార్ఫింగ్ ఫొటోలు, "ఇతను దొంగ" అన్న మెసేజీలు. తెలంగాణలో ప్రాణాలు తీసుకున్నవాళ్లున్నారు. 2020 డిసెంబరులో హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు కాల్ సెంటర్ల మీద పడితే తీగ లాగగా డొంక చైనా దాకా కదిలింది. సుమారు 21 వేల కోట్ల లావాదేవీలు జరిగినట్టు హైదరాబాద్ పోలీసులు చెప్పారు. రిజర్వు బ్యాంకు 2021 జనవరిలో ఒక కమిటీ వేసింది. సైబర్ మోసాల ఫిర్యాదుకు 155260 అనే నంబరు వచ్చింది 2021 ఏప్రిల్‌లో, అంటే మొదటి లాక్‌డౌన్ అయిన ఏడాది తర్వాత. జనం దాన్ని కంఠస్థం చేసుకునేలోపు 1930 అని మార్చారు. ఆన్‌లైన్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయాలన్నా వీలుంది. ముందు మీ ఫోన్‌కొచ్చిన ఓటీపీ అందులో కొట్టాలి.

ఇంతకీ మనిషికి బియ్యం ఇచ్చిందెవరు? ఈ ప్రశ్న జహీరాబాద్ పార్లమెంటు నియోజకవర్గంలోనే చరిత్రకెక్కింది. 2022 సెప్టెంబరు 2న కామారెడ్డి జిల్లా బీర్కూర్‌లో రేషన్ దుకాణం దగ్గర నిర్మలా సీతారామన్ కలెక్టర్‌ను నిలబెట్టి అడిగారు: ఈ బియ్యంలో కేంద్రం వాటా ఎంత, రాష్ట్రం వాటా ఎంత? ఆయన తడబడితే, అరగంటలో తెలుసుకుని చెప్పమని గడువిచ్చారు. ప్రధాని ఫొటో ఎందుకు లేదని కూడా అడిగారు. దేశ ఖజానా తాళాలున్న మనిషి పల్లె రేషన్ దుకాణం దాకా వచ్చి, ఆరా తీసింది తూకం గురించి కాదు, నూకల గురించి కాదు, కార్డు రానివాళ్ల గురించి కాదు. గోడ గురించి. రాష్ట్రంలో అప్పటి అధికార పార్టీ టీఆర్ఎస్‌వాళ్లు తక్కువ తిన్నారా? గ్యాస్ సిలిండర్ల మీద మోదీ ఫొటో అంటించి, కింద 1105 రూపాయలని ధర రాసి, "అడిగారుగా, ఇదిగో" అని వీడియో తిప్పారు. రెండు సర్కార్లూ ఎవరి ఫొటో ఎక్కడుండాలన్న విషయంలో చూపిన చురుకు ఆధార్ సర్వర్లకు ఉండి ఉంటే అవ్వకు బియ్యం ఎప్పుడో అందేవి.

చచ్చినవాళ్ల లెక్కకు ఫొటో అక్కర్లేదు కనుక అక్కడ ఎవరూ పోటీపడలేదు. కోవిడ్ మృతుల కుటుంబాలకు 50 వేలు ఇవ్వాలని సుప్రీంకోర్టు ముందు తేలాక, 2022 జనవరి నాటి లెక్కలు బయటికొచ్చాయి. తెలంగాణ అధికారికంగా ఒప్పుకున్న మరణాలు 3,993. వచ్చిన దరఖాస్తులు 28,969. ప్రభుత్వమే సరిచూసి డబ్బిచ్చినవి 12,148. అంటే బులెటిన్‌లో చావని 8 వేల మంది చెక్కు దగ్గర చచ్చారు. గుజరాత్ ఇంకా ఘనం: మరణాలు 10,094, దరఖాస్తులు 89,633. ఆ తర్వాత నకిలీ ధ్రువపత్రాలు పుట్టాయని గోల మొదలైంది. మార్చిలో సుప్రీంకోర్టు ఆంధ్రప్రదేశ్ సహా నాలుగు రాష్ట్రాల్లో 5 శాతం దరఖాస్తులను తనిఖీ చేయమంది. నకిలీలు ఉండే ఉంటాయి. శవం పేరు మీద పైసలు తినేవాళ్లను క్షమించమని నేననను. కానీ రెండేళ్లు రోజూ సాయంత్రం తప్పుడు లెక్క చదివినవాళ్లను తనిఖీ చేయమని ఎవరూ అనలేదు. పేదవాడి అబద్ధానికి మోసం అని పేరు, సర్కారుదానికి బులెటిన్.

జహీరాబాద్ మీదే ఎందుకు రాస్తున్నానంటే, ఓటీపీ లేకుండా సాయం చేయడం ఎలాగో ఈ దేశంలో ఎవరికైనా తెలిస్తే అది ఈ మండలాల ఆడవాళ్లకే తెలుసు. పస్తాపూర్ కేంద్రంగా పనిచేసే దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని మహిళలు, ఎక్కువమంది దళితులు, 1990ల మధ్యలో ముప్పై పైచిలుకు ఊళ్లలో సొంత ధాన్య నిధి పెట్టుకున్నారు. బీడు భూములు దున్నడానికి చిన్న రైతుకు అప్పిచ్చారు, అప్పును జొన్నల రూపంలోనే తిరిగి తీసుకున్నారు. ఆ జొన్నలు కరువు నెలల్లో ఎవరికివ్వాలి? ఊరు నడిమధ్యలో నేల మీద ముగ్గుతో ఊరి పటం వేశారు, ఇంటింటికీ గుర్తు పెట్టారు. అందరూ చూస్తుండగా ఎవరు ఎంత పేదో మాట్లాడుకుని తేల్చారు. మరీ లేనివాళ్లకు ఎక్కువ, కాస్త ఉన్నవాళ్లకు తక్కువ. దొంగ కార్డు పుట్టే వీలు లేదు, ఎందుకంటే అబద్ధం చెప్పాల్సింది సర్వర్‌కు కాదు, పక్కింటి మనిషికి, ఆమె ముఖం మీదే. ఆ సంఘాలవాళ్లే 2020 లాక్‌డౌన్‌లో తమ ధాన్యం ఇళ్లలోంచి తీసి జహీరాబాద్‌లో పారిశుద్ధ్య కార్మికులకు, ఆరోగ్య సిబ్బందికి, పోలీసులకు చిరుధాన్యాల గంజి పోశారు. లబ్ధిదారుల జాబితాలో ఉండాల్సినవాళ్లు దాతల జాబితాలో చేరడం చూసి ఏ శాఖ సిగ్గుపడిందో నాకు సమాచారం లేదు.

ఈ పద్ధతిని రాష్ట్రమంతటికీ విస్తరించకపోవడానికి బలమైన పాలనా కారణాలున్నాయి, అర్థం చేసుకోవాలి. ముగ్గుతో వేసిన పటానికి టెండర్ పిలవలేరు. దాన్ని ఏ కంపెనీ నిర్వహణకూ ఇవ్వలేరు. నేల మీద ఫొటో పెడితే జనం తొక్కుతారు. గడువు తేదీ లేదు కాబట్టి పొడిగించి పేరు తెచ్చుకునే అవకాశం లేదు. ఇక జాంతాడా కుర్రాడి సంగతి సరేసరి. వాడు ఫోన్ చేసి "ధాన్య నిధి నుంచి మాట్లాడుతున్నా" అంటే, ఇవతల ఫోనెత్తిన ఆవిడ "ఏ ఇంటోనివి, ఎవ్వరి కొడుకువు?" అని అడుగుతుంది.